విమానశాఖ పగ్గాలు పట్టిన ఇల్లూరు రైతుబిడ్డ

1966 జనవరి 24. ఢిల్లీలో ఇందిరాగాంధీ తొలిసారి ప్రధానమంత్రిగా ప్రమాణం చేసిన రోజు. ఆమె మంత్రివర్గంలో రవాణా, పౌరవిమానయానం, నౌకాయానం, టూరిజం శాఖలు ఒక తెలుగువానికి దక్కాయి. ఆయన అనంతపురం జిల్లా ఇల్లూరు గ్రామానికి చెందిన నీలం సంజీవరెడ్డి. సరిగ్గా అదే రోజున బొంబాయి నుంచి లండన్ వెళుతున్న ఎయిరిండియా బోయింగ్ విమానం కాంచన్‌జంగా యూరప్‌లోని మౌంట్ బ్లాంక్ మంచుకొండను ఢీకొని ముక్కలైంది. అందులో ఉన్న 117 మందీ చనిపోయారు. మన దేశ అణుశక్తి కార్యక్రమానికి పునాది వేసిన శాస్త్రవేత్త హోమీ భాభా వారిలో ఒకరు. కుర్చీలో కూర్చోకముందే కొత్త మంత్రి నెత్తిన పిడుగుపడింది.

రెండు వారాలు గడిచాయో లేదో, ఫిబ్రవరి 7న కాశ్మీరులోని బనిహాల్ కనుమ దగ్గర ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఫోకర్ విమానం కొండకు గుద్దుకుంది. 37 మంది పోయారు. ఒకటి విదేశీ గడ్డపైన, ఒకటి స్వదేశంలో. రెండు సంస్థలూ ప్రభుత్వానివే. పార్లమెంటులో లేచి జవాబు చెప్పవలసినవాడు మాత్రం ఒక్కడే, ఆ శాఖ మంత్రి.

విమానం నడిపేది పైలట్, దారి చెప్పేది కంట్రోలు టవరు, మరమ్మతు చేసేది ఇంజనీరు. వీరిలో ఎవరినీ మంత్రి చేయిపట్టి నడిపించలేడు. మరి ఆయన దేనికి జవాబుదారీ? సంజీవరెడ్డి జీవితంలో ఈ ప్రశ్న ఒక్కసారి ఎదురై పోయింది కాదు. అంతకు రెండేళ్ళ క్రితమే బస్సుల వ్యవహారంలో ఇదే ప్రశ్న ఆయన ముఖ్యమంత్రి పదవిని ఊడబెరికింది. ఆ కథ తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

సంజీవరెడ్డి 1913 మే 19న ఇల్లూరులో వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజం వారి హైస్కూలులో, తరువాత అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో చదివారు. 1929 జూలైలో గాంధీజీ అనంతపురం వచ్చినప్పుడు కుర్రవాడి మనసు అటు తిరిగింది. 1931లో కాలేజీకి స్వస్తి చెప్పి ఉద్యమంలో దిగారు. పట్టా చేతికి రాకుండానే చదువు ముగిసింది. ఇరవై అయిదేళ్ళకే, 1938లో, ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘానికి కార్యదర్శి అయి పదేళ్ళు ఆ పని చేశారు.

1940 నుంచి 1945 వరకు ఎక్కువ కాలం ఆయన జైళ్ళలోనే గడిపారు. 1942 మార్చిలో విడుదలై, ఆగస్టులో మళ్ళీ అరెస్టయ్యారు. ఈసారి బీరారులోని అమరావతి జైలు. మన గుంటూరు జిల్లా అమరావతి కాదు, మహారాష్ట్ర వైపుది. అక్కడ ప్రకాశం పంతులు, సత్యమూర్తి, కామరాజు, వి.వి. గిరి ఆయనకు జైలు సహచరులు. ఈ గిరిగారి పేరు గుర్తుంచుకోవాలి, ముందు మళ్ళీ వస్తుంది.

ఆ కాలంలోనే మన ప్రాంతంలో ఒక మార్పు వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. కోస్తా అంతా బెంబేలెత్తింది. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగెత్తిన సంగతి పెద్దల నోట చాలామంది విన్నదే. యుద్ధం ఈ తీరం వైపు వస్తోందని తెల్లదొరల ప్రభుత్వం విమానాలు దిగడానికి అక్కడక్కడ చదునైన నేల చూసి రన్‌వేలు వేయించింది. తాడేపల్లిగూడెం రన్‌వే అలా యుద్ధకాలంలో పుట్టిందే. పడమట గన్నవరం కూడా యుద్ధంలో సైన్యం వాడుకున్నదే. యుద్ధం ముగిసింది, దొరలు పోయారు. గన్నవరం ప్రయాణీకుల విమానాశ్రయమైంది. గూడెం రన్‌వే మీద మాత్రం ప్రయాణీకుల విమానం దిగలేదు. పొద్దుటిపూట నడిచేవారికీ, స్కూటరు, కారు నేర్చుకునేవారికీ, రాజకీయ సభలకూ అది పనికొచ్చింది.

గూడెం పురపాలక సంఘం 1958లో ఏర్పడింది. ఏలూరు మున్సిపాలిటీ అంతకంటే చాలా పాతది, 1866 నాటిది. ఊళ్ళో మంచినీళ్ళు, మురుగుకాలువలు, వీధి దీపాలు, సంత, కబేళా, శ్మశానం అన్నీ మున్సిపాలిటీ చూసుకుంటుంది. ఊరి పక్కన అంత పొడుగు రన్‌వే ఉంటే దాన్ని మున్సిపాలిటీయే బాగుచేసి విమానాలు దింపుకోకూడదా అని గూడెంలో అడిగేవారు లేకపోలేదు. అమెరికాలో అయితే అలాగే చేస్తారు.

అక్కడ చాలా నగరాలకు సొంత విమానాశ్రయాలున్నాయి. లాస్ ఏంజెలెస్‌లో మేయరు ఏడుగురిని నియమిస్తాడు, నగర కౌన్సిలు ఆమోదిస్తుంది. ఆ ఏడుగురు కలిసి విమానాశ్రయ కమిషనర్ల బోర్డు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1970లో అలాంటి కమిషనే ఏర్పడింది, అందులో అయిదుగురు. మన దగ్గర గుడికి ధర్మకర్తల మండలి ఉన్నట్టు అనుకుంటే సరిపోతుంది. మండలి అర్చన చేయదు, ప్రసాదం వండదు. రోజువారీ పని ఈవోది. కానీ ఏ దుకాణం ఎవరికి వేలంలో పోవాలి, అద్దె ఎంత, కొత్త మండపం కట్టాలా వద్దా, ఏడాది లెక్కలు సరిపోయాయా అన్నది మండలి తేల్చాలి. విమానాశ్రయ కమిషన్ పనీ అదే. విమానాలు దిగినందుకు ఎంత రుసుము, లోపలి హోటలు ఎవరికి, రన్‌వే విస్తరణకు అప్పు ఎంత, రాత్రి చప్పుడుకు పక్క ఇళ్ళవారు మొరపెట్టుకుంటే ఏం చేయాలి అన్నవన్నీ బహిరంగ సమావేశంలో చర్చకు వస్తాయి. ఊరివారు వెళ్ళి మాట్లాడవచ్చు. అయితే ఆకాశంలో విమానం ఎలా ఎగరాలన్నది నగరం చేతిలో లేదు, అది కేంద్ర ప్రభుత్వ సంస్థ చూసుకుంటుంది. విమానాశ్రయం మీద వచ్చిన డబ్బు తీసి ఊరి రోడ్లకు ఖర్చు పెట్టడానికీ అక్కడి కేంద్ర చట్టం ఒప్పుకోదు.

మన దేశంలో ఆ దారి మొదటే మూసుకుపోయింది. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో కేంద్ర జాబితా 29వ అంశం విమానాలనూ, విమానాశ్రయాల ఏర్పాటునూ, వాటి నియంత్రణనూ పూర్తిగా కేంద్రానికి కట్టబెట్టింది. ఆ రాజ్యాంగాన్ని రాసిన సభలో సంజీవరెడ్డి సభ్యుడు. రేవుల విషయంలో పెద్ద రేవులు కేంద్రానికి, చిన్న రేవులు ఉమ్మడి జాబితాకు అని పంచారు. విమానాశ్రయాలకు పెద్దా చిన్నా తేడా లేదు. నేల ఎవరి పేరున ఉన్నా, దాని మీద ప్రయాణీకుల విమానం దిగాలంటే ఢిల్లీ లైసెన్సు కావాలి. అంచేత గూడెం రన్‌వే గురించి అడగవలసిన మనిషి మున్సిపల్ ఛైర్మన్ కాదు, కేంద్ర విమానశాఖ మంత్రి.

ఆ మంత్రి అయ్యేలోగా సంజీవరెడ్డి ఎక్కిన మెట్లు చాలా ఉన్నాయి. 1946లో మద్రాసు శాసనసభ, 1949 నుంచి రెండేళ్ళు మద్రాసు ప్రభుత్వంలో మద్యనిషేధం, గృహనిర్మాణం, అడవుల శాఖల మంత్రిత్వం. 1951లో ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్ష పదవికి ఆచార్య రంగాతో పోటీపడి గెలిచారు. 1953లో ఆంధ్రరాష్ట్రం వచ్చినప్పుడు కర్నూలులో ప్రకాశంగారి దగ్గర ఉపముఖ్యమంత్రి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు తొలి ముఖ్యమంత్రి. అప్పటికి ఆయన వయసు 43.

ముఖ్యమంత్రిగా ఆయన చేసిన పనుల్లో పల్లెవారికి దగ్గరగా తగిలింది పంచాయతీరాజ్. రాజస్థాన్ తరువాత దేశంలో దాన్ని అమలు చేసిన రెండో రాష్ట్రం మనదే. 1959 నవంబరు 1 నుంచి పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. బడులు, చిన్న రోడ్లు, బావులు, ప్రాథమిక వైద్యం స్థానిక సంస్థల చేతికి చేరాయి. కైకలూరు లంకలో బడి కప్పు కారితే హైదరాబాదు దాకా పోనక్కరలేకుండా సమితి ప్రెసిడెంటును నిలదీసే వీలు కలిగింది. పల్లెకు ఏది ఇవ్వవచ్చో, ఏది ఇవ్వకూడదో తేల్చే పని ముఖ్యమంత్రిగా ఆయన చేతిలో పడింది. ఏడేళ్ళకు ఏ పల్లెకూ, ఏ పట్నానికీ పంచిపెట్టడానికి వీలులేని శాఖ ఆయనకే వచ్చింది.

ఆయన హయాంలోనే 1958 జనవరి 11న రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. అంతకుముందు కోస్తాలోనూ రాయలసీమలోనూ బస్సులన్నీ ప్రయివేటు యజమానులవి. బస్సు ఎప్పుడు కదులుతుందో యజమాని దయ. టాపు మీద కూడా జనాన్ని ఎక్కించి, నిండితే గాని బండి తీసేవారు కాదు. ఆ రూట్లను ఒకటొకటిగా ప్రభుత్వం చేతిలోకి తేవడం మొదలైంది. జనానికి మేలే. కానీ రూటు పోయిన యజమానికి అది బతుకుతెరువు. అందుకే మోటారు వాహనాల చట్టంలో దీనికి ఒక పద్ధతి పెట్టారు. సంస్థ స్కీము తయారుచేసి ప్రకటించాలి. నష్టపోయేవారు అభ్యంతరాలు చెప్పుకోవాలి. ప్రభుత్వం రెండు వైపులా విని, పక్షపాతం లేకుండా తీర్పరిలా తేల్చాలి.

మధ్యలో 1960లో ఆయన ముఖ్యమంత్రి పదవి వదిలి అఖిలభారత కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. ఇక్కడ దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రి అయ్యారు. 1962 మార్చిలో సంజీవరెడ్డి తిరిగి వచ్చి రెండోసారి ఆ కుర్చీలో కూర్చున్నారు. గొడవ ఇప్పుడు వచ్చింది.

కర్నూలు జిల్లాలో కొన్ని బస్సు రూట్లను జాతీయం చేస్తూ స్కీములు వెలువడ్డాయి. అక్కడి బస్సు యజమానులు కోర్టుకెక్కారు. తమ జిల్లా వంతు ఇంకా రాలేదనీ, తాము ఎన్నికల్లో ముఖ్యమంత్రికి ఎదురు నిలిచిన పక్షంవారం గనుక కక్షతో వరుస తప్పించి తమ రూట్లను ముందుకు లాగారనీ వారి ఆరోపణ. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1964 జనవరిలో తీర్పు వచ్చింది. అంత పెద్ద ఆరోపణను ప్రమాణపత్రం వేసి ఖండించవలసిన వ్యక్తి ముఖ్యమంత్రి, ఆయన ఖండించలేదు కాబట్టి ఆరోపణ నిలిచినట్టే భావించవలసి వస్తోందని కోర్టు అభిప్రాయపడింది. స్కీములు కొట్టివేసింది.

సంజీవరెడ్డి మాటలు నమలలేదు. ఆ ఫిబ్రవరి నెలాఖరుకు రాజీనామా ఇచ్చి బయటికి నడిచారు. కోర్టు ఆయనను దిగిపొమ్మనలేదు. శాసనసభలో బలం తగ్గలేదు. కుర్చీ పట్టుకుని కూర్చుంటే కూర్చోగలిగేవారే. ఆయన తరఫువారు దీన్ని త్యాగమన్నారు, ఎదుటివారు తప్పించుకోలేక దిగాడన్నారు. ఏది ఏమైనా, ఒక ప్రమాణపత్రం వేయకపోవడం ఇంత పని చేసింది. పరువు నష్టం జరగకముందే నోరు విప్పవలసిన చోట విప్పకపోవడం ఆయన పొరపాటు. ఆ పొరపాటుకు వెల తానే చెల్లించడం ఆయన పద్ధతి. ప్రజల ప్రయాణ సాధనాల మీద పెత్తనం చేసేవాడి నిర్ణయం న్యాయంగా ఉంటే చాలదు, న్యాయంగా ఉందని రుజువు చూపవలసిన బరువు కూడా వాడిదేనని ఆ తీర్పు తరువాత రాష్ట్రంలో మంత్రులకు, అధికారులకు అర్థమయింది.

నాలుగు నెలలు తిరక్కుండానే ఢిల్లీ నుంచి పిలుపు వచ్చింది. 1964 జూన్‌లో లాల్‌బహదూర్ శాస్త్రి ఆయనను ఉక్కు, గనుల మంత్రిని చేశారు. శాస్త్రిగారు తాష్కెంట్‌లో కన్నుమూసిన తరువాత ఇందిరాగాంధీ కేబినెట్‌లో ఆయనకు విమానాలు, ఓడలు, లారీలు, టూరిస్టులు అన్నీ ఒకే గంపలో వచ్చాయి.

ఆనాటి విమానశాఖ ఎలా నడిచేదో కొంచెం తెలుసుకుంటే ఆయన ఇరకాటం బోధపడుతుంది. 1953లో పార్లమెంటు చట్టం చేసి ప్రయివేటు విమాన కంపెనీలను జాతీయం చేసింది. నిజాం ప్రభుత్వ భాగస్వామ్యంతో హైదరాబాదులో నడిచిన దక్కన్ ఎయిర్‌వేస్ కూడా అందులో కలిసిపోయింది. విదేశాలకు ఎయిరిండియా, స్వదేశంలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ అని రెండు కార్పొరేషన్లు మిగిలాయి. ఎయిరిండియాకు ఛైర్మన్ జె.ఆర్.డి. టాటా. సంస్థ ప్రభుత్వానిది, నడిపే చేయి వ్యాపారిది, పార్లమెంటులో జవాబు మంత్రిది.

విమానాశ్రయాలకు మాత్రం కార్పొరేషన్ కూడా లేదు. ఢిల్లీలోని పౌరవిమానయాన డైరెక్టర్ జనరల్ కార్యాలయమే రన్‌వేలు చూసేది, టవర్లు నడిపేది. విమానాలకూ పైలట్లకూ లైసెన్సులు ఇచ్చేది, తనిఖీలు చేసేదీ అదే. అంటే మిల్లు నడిపేవాడే తూనికల ఇన్‌స్పెక్టరు కూడా అయినట్టు. ఏదైనా తప్పు జరిగితే ఆ శాఖను ఆ శాఖే పరీక్షించుకోవాలి. ఈ లోపం సంజీవరెడ్డి సృష్టించింది కాదు, వారసత్వంగా వచ్చింది. దాన్ని సరిచేయడానికి ఆయనకు దక్కిన సమయం 14 నెలలు.

మౌంట్ బ్లాంక్ ప్రమాదం మీద విచారణ మన చేతిలో లేదు. ఏ దేశం నేల మీద విమానం కూలితే ఆ దేశమే విచారణ జరపాలన్నది అంతర్జాతీయ నియమం. కాబట్టి ఫ్రాన్సు జరిపింది. విమానంలో దిక్కు తెలిపే యంత్రాల్లో ఒకటి చెడిపోయి ఉండగా, తాను కొండ దాటేశానని పైలట్ పొరబడ్డాడనీ, కిందినుంచి కంట్రోలరు చెప్పిన మాట ఆయనకు సరిగా అందలేదనీ ఆ విచారణలో తేలింది. 1950లో కూడా ఎయిరిండియా విమానమే ఒకటి అదే కొండ మీద కూలింది. దేశంలో ఆనాడు భాభా మరణం మీద రకరకాల పుకార్లు లేచాయి. కుట్ర అన్నవారున్నారు, ఇప్పటికీ ఉన్నారు. విచారణలో మాత్రం అటువంటి ఆధారమేదీ బయటపడలేదు.

ఆ 14 నెలల్లో నిలిచిన పని ఒకటి చెప్పుకోవాలంటే 1966 అక్టోబరులో భారత పర్యాటకాభివృద్ధి సంస్థ ఏర్పడడం. విమానాశ్రయాల సంగతికి వస్తే, మార్పు ఆయన దిగిపోయాక మొదలైంది. 1967లో టాటా అధ్యక్షతన ఒక కమిటీ అంతర్జాతీయ విమానాశ్రయాలను శాఖ నుంచి విడదీసి స్వతంత్ర సంస్థకు అప్పగించాలన్న వైపు మొగ్గింది. 1972లో బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, మద్రాసు విమానాశ్రయాలు అలా వేరే అథారిటీకి వెళ్ళాయి. మిగిలిన చిన్న విమానాశ్రయాలకు 1986లో జాతీయ అథారిటీ వచ్చింది. 1995 ఏప్రిల్ 1న రెండూ కలిసి నేటి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అయ్యాయి. లైసెన్సులు, తనిఖీలు డైరెక్టర్ జనరల్ దగ్గరే మిగిలాయి. మిల్లు ఒకరిది, తూనిక మరొకరిది అయింది. అందుకు ముప్పై ఏళ్ళు పట్టింది.

ఊరివారి మాటకు ఈ ఏర్పాటులో చోటు లేదా అంటే, పిసరంత ఉంది. అథారిటీ విమానాశ్రయాలకు సలహా కమిటీలు ఉంటాయి. స్థానిక పార్లమెంటు సభ్యుడు అధ్యక్షుడు. టైము చాలని విమానాలు, కూర్చోవడానికి లేని కుర్చీలు, బయట ఆటోల దోపిడీ వంటివి అక్కడ ప్రస్తావనకు వస్తాయి. కానీ సలహా సలహాయే. అమెరికా కమిషన్‌కున్నట్టు కాంట్రాక్టు ఆపే అధికారం, లెక్కలు తిప్పికొట్టే అధికారం దానికి లేవు. మున్సిపాలిటీకి నిజంగా పని పడేది చెత్త దగ్గర. విమాన నిబంధనల్లో 91వది ఏరోడ్రోముకు 10 కిలోమీటర్ల లోపు పశువుల్ని కోసి చర్మాలు ఒలవడం, పక్షుల్ని ఆకర్షించే చెత్త బహిరంగంగా పోయడం నిషేధించింది. గద్ద ఇంజనులో పడితే విమానానికి గండం. ఆ చెత్త ఎత్తించవలసింది ఊరి పంచాయతీ, పురపాలక సంఘమే. కొల్లేటి ఒడ్డున గూడబాతులు, కొంగలు, చేపల చెరువుల మీద వాలే పక్షుల గుంపులు చూసినవారికి ఈ నిబంధన ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. గూడెంలో ఎప్పటికైనా విమానం దిగాలంటే ఈ లెక్క కూడా చూసుకోవలసిందే.

2024లో రాష్ట్ర ప్రభుత్వం కొత్త విమానాశ్రయాలకు అనువు చూడదలచిన ఊళ్ళ జాబితాలో తాడేపల్లిగూడెం పేరు చేర్చింది. రాష్ట్రానికి ఇప్పుడు సొంత విమానాశ్రయాభివృద్ధి సంస్థ ఉంది. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 2021లో మొదలైన విమానాశ్రయం రాష్ట్రం కట్టుకున్నదే. సంజీవరెడ్డి సొంత జిల్లాలో పుట్టపర్తి విమానాశ్రయమైతే 1990లో ఒక ఆధ్యాత్మిక ట్రస్టు కట్టింది. కట్టేవారు మారారు గాని, లైసెన్సు మాత్రం ఢిల్లీదే.

1967 ఎన్నికల్లో హిందూపురం నుంచి గెలిచిన సంజీవరెడ్డిని లోక్‌సభ స్పీకరుగా ఎన్నుకున్నారు. ఆ పదవిలోకి రాగానే ఆయన కాంగ్రెసు పార్టీ సభ్యత్వానికి రాజీనామా ఇచ్చారు. స్పీకరు పార్టీల మధ్య తీర్పరి కాబట్టి ఏ పార్టీలోనూ ఉండరాదని ఆయన లెక్క. కర్నూలు బస్సుల కేసులో తీర్పరి స్థానానికి అంటిన మచ్చ ఎంత దూరం తరిమిందో ఆయనకు అనుభవమే. అవిశ్వాస తీర్మానాన్ని రాష్ట్రపతి ప్రసంగం జరిగిన రోజునే చర్చకు అనుమతించడం వంటి నిర్ణయాలతో ప్రతిపక్షం మెప్పు పొందారు. షెడ్యూల్డు కులాలు, తెగల సంక్షేమానికి పార్లమెంటు కమిటీ ఏర్పడడంలో ఆయన చొరవ ఉంది.

1969లో జాకీర్ హుస్సేన్ మరణంతో రాష్ట్రపతి పదవి ఖాళీ అయింది. కాంగ్రెసు అధికార అభ్యర్థి సంజీవరెడ్డి. ఇందిరాగాంధీకి ఇది ఇష్టం లేదు. ఆమె అంతరాత్మ ప్రకారం ఓటేయమన్నారు. ఎదురుగా నిలిచింది అమరావతి జైలు సహచరుడు గిరి. తొలి లెక్కలో ఎవరికీ చాలినన్ని రాలేదు, రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కిస్తే గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427 వచ్చాయి. ఆ ఎన్నికతో కాంగ్రెసు రెండుగా చీలింది. పోటీకోసం స్పీకరు పదవిని జూలైలోనే వదిలేసిన సంజీవరెడ్డికి చేతిలో ఏమీ మిగల్లేదు. ఆయన అనంతపురం వచ్చి వ్యవసాయం చూసుకున్నారు. మంత్రి పదవి పోయాక ఢిల్లీలో బంగళా వదలనివారిని చూసిన కళ్ళకు ఇది వింతగానే కనిపించింది.

1975లో జయప్రకాశ్ నారాయణ్ పిలుపుతో ఆయన మళ్ళీ రాజకీయాల్లోకి వచ్చారు. 1977లో దేశమంతా జనతా గాలి వీచినా ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెసే గెలిచింది. 42 స్థానాల్లో జనతాకు దక్కింది ఒక్కటే, అది నంద్యాల నుంచి సంజీవరెడ్డి. మళ్ళీ స్పీకరు. ఆ జూలైలో రాష్ట్రపతి పదవికి 37 మంది నామినేషన్లు వేస్తే 36 చెల్లలేదు. పోటీ లేకుండా ఆయన రాష్ట్రపతి అయ్యారు. ఎనిమిదేళ్ళ క్రితం చేజారిన పదవి ఇలా ఇంటికి వచ్చింది.

రాష్ట్రపతిగా ఆయన మీద విమర్శ లేకపోలేదు. 1979లో మొరార్జీ రాజీనామా తరువాత చరణ్‌సింగ్‌ను ప్రధానిగా పిలవడం, ఆయన లోక్‌సభ ముఖం చూడకుండానే దిగిపోతే జగ్జీవన్‌రామ్‌కు అవకాశం ఇవ్వకుండా ఆగస్టు 22న సభను రద్దు చేయడం పెద్ద వివాదమైంది. హరిజన నాయకుడికి ప్రధాని పదవి అందకుండా చేశారన్న మాట చాలాకాలం వినిపించింది. తన పక్షం ఆయన 1989లో వెలువడిన జ్ఞాపకాల పుస్తకంలో రాసుకున్నారు. ఈసారి ప్రమాణపత్రం వేశారన్నమాట, ఆలస్యంగానైనా.

1982 జూలై 25న పదవీకాలం ముగిసింది. బెంగుళూరులో స్థిరపడమని కర్నాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే ఆహ్వానించారు. ఆయన అనంతపురంలోని తన పొలానికే వెళ్ళారు. 1996 జూన్ 1న న్యుమోనియాతో బెంగుళూరులో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 83 ఏళ్ళు. ఆయన సమాధి అక్కడే ఉంది.